కన్ను ముందు, పిట్ట తర్వాత

పోయిన వారం మనం జగిత్యాల చౌరస్తాలో, నస్రీన్ చేతిలోని సుద్దముక్క జారి తారురోడ్డు మీద రెండు ముక్కలైన చోట ఆగిపోయాం. సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు. బస్సులు డిపోలు దాటడం లేదు. బడులకు తాళాలు. పంతుళ్ళంతా టెంటు కింద దీక్షలో కూర్చున్నారు. పంతుళ్ళెక్కడుంటే పిల్లలూ అక్కడే కాబట్టి, వాళ్ళూ రోడ్డుమీదికే వచ్చారు. "మన బడి పిల్లలు నడిరోడ్డు మీద తెలంగాణ పటం గియ్యాలె, పేపరోళ్ళు ఫొటో తీస్కపోవాలె" అని హెడ్మాస్టరు రాజనర్సు సారు హుకుం జారీ చేశారు. ఆ పని నస్రీన్ నెత్తిన పడింది. ఆమె ఆ ప్రాథమిక పాఠశాలలో విద్యా వాలంటీరు. పేరుకు అన్ని పాఠాలూ చెబుతుంది గానీ పిల్లలు ఆమెను పిలిచేది బొమ్మల టీచర్ అని.

పటం ఎవరు గీశారు గనక! నలభై మందికి సుద్దముక్కలు పంచితే ముప్పై మంది రెండు కొండలు, మధ్యన సూర్యుడు, కింద గుడిసె, దాని పక్కన కొబ్బరిచెట్టు గీసి చేతులు దులుపుకున్నారు. ఆ పిల్లల చుట్టుపక్కల ఉన్నవన్నీ తాటిచెట్లే. కొబ్బరికాయను వాళ్ళు చూసేది కొండగట్టు మీద అంజన్న ముందు కొట్టేటప్పుడు మాత్రమే. అయినా సరే, బొమ్మ అంటే కొబ్బరిచెట్టు ఉండి తీరాలి. మిగిలినవాళ్ళు రెండు అంకె వేసి, దానికి తోక తగిలించి బాతు అన్నారు. మన బడుల్లో తాతల నాటి నుంచి వస్తున్న విద్య ఇది. రెండేళ్ళుగా నస్రీన్ దానితోనే కుస్తీ పడుతోంది.

ఆ నలభై మందిలో ఒక్క పిల్ల అటు కొబ్బరిచెట్టూ వేయలేదు, ఇటు బాతూ వేయలేదు. పేరు అఖిల. మూడో తరగతి. సిరిసిల్లలో కరెంటు కోతలతో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి తల్లిదండ్రులకు పని లేకపోతే, బస్సులు బందు పడకముందే జగిత్యాలలో అమ్మమ్మ గౌరవ్వ ఇంటికి చేరింది. ఆ పిల్ల రోడ్డు మీద ముందుగా ఒక చుక్క పెట్టింది. చుక్క చుట్టూ చిన్న సున్నా చుట్టింది. దాన్ని కాసేపు తేరిపార చూసింది. తర్వాత ఆ కంటి దగ్గర మొదలుపెట్టి ముక్కు, ముక్కు నుంచి మెడ, మెడ నుంచి వీపు, సుద్ద ఎత్తకుండా ఒకే గీతలో పిట్టను దింపేసింది.

బొమ్మలు వేసేవాళ్ళు ఎవరైనా కన్ను చివర్లోనే పెడతారు. నస్రీన్ పుట్టి పెరిగిన కోరుట్లలో వినాయకుల్ని చేసేవాళ్ళు ఒళ్ళంతా రంగులు వేసి, అన్నీ అయ్యాక, చిట్టచివరన కళ్ళు దిద్దుతారు. కన్ను ముందు పెట్టి తర్వాత పిట్టను గీసే మనిషిని నస్రీన్ తన ఇరవై ఆరేళ్ళలో ఒక్కరినే చూసింది. బోర్డులు రాసే ఖుర్షీద్ పెయింటర్. ఆమె తండ్రి. అయిదేళ్ళ కిందట ఒక శుక్రవారం నమాజుకని కోరుట్లలో ఇంట్లోంచి వెళ్ళి, ఇంతవరకూ తిరిగి రాలేదు.

అందుకే సుద్ద జారింది.

నస్రీన్ ఆ పిల్ల పక్కన రోడ్డు మీదే కూలబడింది. ఎండకు తారు కాలుతున్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు.

"గీ పిట్టను ఎవలు నేర్పిన్రు బిడ్డా?"

"మా పెయింటర్ తాత," అన్నది అఖిల, తల ఎత్తకుండా తోకకు ఈకలు గీస్తూ.

"మీ సొంత తాతనా?"

"కాదు టీచర్. బడి తాత. మా బడి గోడకు బొమ్మలేసెటందుకు అచ్చిండు. ఎప్పుడో అచ్చిండు. గోడ ఇంక ఒడువలే, సగమే అయ్యింది. మా బడి వరండలనే ఉంటడు."

"పేరేంది?"

పిల్ల ఆలోచనలో పడింది. తాతలకు కూడా పేర్లుంటాయన్నది ఆమెకు కొత్త సంగతి. "తాతనే," అని తేల్చేసింది.

"ఎట్లుంటడు?"

"ఎర్రగడ్డం ఉంటది. గోరింటాకు పెడ్తడు దానికి. చెవు మీద బీడి పెట్టుకున్నట్టు బ్రష్ పెట్టుకుంటడు. మేం నవ్వుతం."

 ఆ చెవి మీది బ్రష్షును చిన్నప్పుడు నస్రీన్ ఎన్నిసార్లు లాగి పరుగెత్తిందో లెక్కలేదు. అబ్బా వెంటపడేవాడు కాదు. "రంగు లేని బ్రష్ ఎత్కపోయి ఏం జేస్తవ్ బేటీ, రంగు గూడ తీస్కపో" అని నవ్వేవాడు.

"మరి కన్ను ముందెందుకు పెట్టాల్నట?"

ఈ ప్రశ్నకు అఖిల దగ్గర జవాబు తయారుగా ఉంది. ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. "కన్ను ముందు పెట్టినమనుకో, అది మనల్నే సూస్తుంటది. అది సూస్తుంటె ఇగ మనకు తప్పు గియ్యబుద్ధి కాదు."

అక్షరం పొల్లుపోలేదు. నస్రీన్‌కు ఏడేళ్ళప్పుడు, కోరుట్లలో నిచ్చెన కింద రంగు డబ్బా పట్టుకొని నిలబడ్డ రోజు, నిచ్చెన మీది నుంచి అబ్బా చెప్పిన మాట అది. ఆ మాటను సిరిసిల్ల పిల్ల నోట వింటుంటే ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"తాత ఒక్కడే గియ్యడు టీచర్," అఖిల ఇప్పుడు హుషారెక్కింది. "మా వేలు పట్టుకొని గోడకు పెడ్తడు. 'గిక్కడ సుక్క పెట్టు బిడ్డా' అంటడు. మేం పెడ్తం. గా సుక్క మీద ఆయన ఎడమ చేతి వేలు ఆనిచ్చి, కుడిచేత్తోటి మిగిలిందంత గీస్తడు. అయిపొయ్యేదాక సుక్క మీది వేలు మాత్రం తియ్యడు."

ఎంత ప్రేమగా నేర్పుతున్నాడో అనుకుంది నస్రీన్. ఒక్కో పిల్ల వేలు పట్టుకొని నేర్పుతున్నాడు. ఆ సిరిసిల్ల పిల్లల మీద ఆమెకు పట్టరాని ఈర్ష్య పుట్టింది. ఇరవై ఆరేళ్ళ మనిషికి, మూడో తరగతి పిల్లల మీద! నవ్వుతారేమో గానీ, అయిదేళ్ళుగా తండ్రి వేలు అందని వాళ్ళెవరూ నవ్వరు.

"బడులు తెరిచినంక నేను మీ ఊరికొస్త. మీ తాతను నాకు చూపెడ్తవా?"

"తాత ఉండడు టీచర్. దసరాకు ముందే భీవండి పోతడట, నూలు లారీల. మేమందరం ఏడ్సినం. తాత ఏడ్వలే, నవ్విండు."

రేపు సద్దుల బతుకమ్మ. ఎల్లుండి తెల్లవారితే దసరా. నస్రీన్ లేచి, టెంటు కింద నినాదాల జాబితా రాసుకుంటున్న రాజనర్సు సారు దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఒక్కసారి ఇంటికి పోయొస్త."

"పటం సంగతేందమ్మా?"

"పిల్లలు గీస్తున్రు సార్."

సారు రోడ్డు వైపు చూశారు. ముప్పై కొబ్బరిచెట్లు ఆయన్ను తిరిగి చూశాయి. కండువాతో మొహం తుడుచుకొని ఊరుకున్నారు.

*

ఖిల్లా వెనక ఒకటిన్నర గదుల కిరాయి ఇల్లు. కోరుట్లలో తల ఎత్తుకు తిరగలేక తల్లీ కూతుళ్ళు జగిత్యాల వచ్చినప్పటి నుంచి అదే ఇల్లు. ఆ ఇంట్లో ఉర్దూ, తెలుగూ ఒకే గిన్నెలో తింటాయి. సంతోషమైతే ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తారు, కోపమైతే అటూ ఇటూ.

జమీలాబీ చాట ఒళ్ళో పెట్టుకొని, తునికాకును కత్తెరతో కొలత ప్రకారం కత్తిరిస్తోంది. బీడీలు చుట్టే చేయి ఎప్పుడూ ఆగదు. ఇంటికి చుట్టం వచ్చినా, కంట్లో నలుసు పడ్డా ఆగదు.

"అమ్మీ! అబ్బా దొరికిండు!"

ఆ చేయి ఆగింది.

నస్రీన్ గడపలోనే నిలబడి అంతా గబగబా చెప్పేసింది. సిరిసిల్ల పిల్ల, కన్ను ముందు పెట్టిన పిట్ట, ఎర్రగడ్డం, చెవి మీద బ్రష్, బడి వరండా. చెబుతూ చెబుతూ ఒకచోట ఆమె మాట నెమ్మదించింది. ఎందుకంటే తల్లి వింటోంది గానీ, ఒక్క ప్రశ్న వేయడం లేదు. మొగుడు పోయి అయిదేళ్ళయిన ఆడమనిషి, దొరికాడంటే ఎక్కడ అని అడగదా? బతికే ఉన్నాడా అని అడగదా?

"అమ్మీ, యాడ అని అడుగవేంది?"

జమీలాబీ చాటలోకి చూస్తూ కూర్చుంది.

"నీకు తెలుసు," అన్నది నస్రీన్. అన్నాక ఆ మాట ఎంత పెద్దదో ఆమెకు అప్పుడు తెలిసింది. "అబ్బా యాడున్నడో నీకు తెలుసు. ఎప్పటిసంది తెలుసు?"

"మొదటిసంది," అన్నది తల్లి.

నస్రీన్ గోడకు ఆనుకుని నిలబడింది.

ఆమె మోస్తున్న బరువేమిటో ఈ కథ మొదటి నుంచి చదువుతున్నవాళ్ళకు తెలుసు. కొత్తగా వచ్చినవాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలి. కోరుట్ల బస్టాండు రోడ్డులో అంజయ్య సేటు బట్టల దుకాణం ఉంది. దాని రేకు బోర్డు మీద తోక విప్పిన నెమలి. ఖుర్షీద్ చేతి పని. ఊళ్ళో ఎవరింటికైనా దారి చెప్పాలంటే నెమలి దుకాణం నుంచి లెక్కపెట్టి చెప్పేవాళ్ళు. ఏటా దసరాకు ముందు ఆయనే నిచ్చెనెక్కి దానికి కొత్తగా రంగులు దిద్దేవాడు. అంతలో ఫ్లెక్సులొచ్చాయి. చేత్తో రాసేవాళ్ళ బతుకులు బజారున పడ్డాయి. నస్రీన్ కంప్యూటర్ నేర్చుకొని ఫ్లెక్సు దుకాణంలోనే కొలువుకు కుదిరింది. ఒక బుధవారం ఆమె ముందుకు వచ్చిన పని అంజయ్య సేటు బోర్డు. చేయనని అనలేదు. పైగా సరదా పడి చేసింది. కంప్యూటర్‌లోంచి ఒక నెమలిని ఎత్తి అతికించి, ఇరవై నిమిషాల్లో ముగించింది. అబ్బా చూసి మెచ్చుకుంటాడనుకుంది కూడా. సాయంత్రానికి ఆ ఫ్లెక్సును తండ్రి బోర్డు మీదనే మేకులు పెట్టి కొట్టారు. శుక్రవారానికి తండ్రి లేడు. మర్నాడే కొలువు మానేసింది. మళ్ళీ కంప్యూటర్ ముట్టుకోలేదు. పిల్లలకు బొమ్మలు నేర్పితే పాపం కొంత తగ్గుతుందేమోనని ఈ బడిలో చేరింది.

"అయిదేండ్లు అమ్మీ," అన్నది నస్రీన్. "అబ్బాను నేనే ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన అని రోజు నన్ను నేను తిట్టుకుంట పండుకున్న. నువ్వు పక్కనే పండుకున్నవ్. నా ఏడుపు నీకు వినబడలేదా?"

"వినబడ్డది."

"వినబడి ఊకున్నవా!"

"నీ ఫ్లెక్సు సూసి పోలేదాయన," అన్నది జమీలాబీ మెల్లగా. "నీ ఫ్లెక్సును ఆయన సూడనే లేదు."

"సూడకపోవుడేంది? ఆ రోడ్డు మీదికెల్లే రోజు మసీదుకు పోతుండె గదా?"

"నస్రీన్, కూసో."

"నేను కూసోను. చెప్పు."

తల్లి కత్తెర పక్కన పెట్టింది. చెప్తే మొగుడికి వేసిన ఒట్టు, ఆ కసమ్, తప్పినట్టు, చెప్పకపోతే కూతురు దక్కనట్టు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అయిదేళ్ళుగా ఆమె అట్లాగే నలిగింది. కానీ ఈ రోజు సిరిసిల్ల పిల్ల సగం చెప్పేసింది. మిగిలిన సగాన్ని ఎన్నాళ్ళు ఒళ్ళో దాచుకుంటుంది?

"ఆ ఏడాది సోమవారం నాడు ఆయన నిచ్చెనెక్కిండు. పాత రంగు గీకి, నెమలిని కొత్తగ ఎయ్యాల్నని. నేను సద్ది తీస్కపోయిన. ముందు కన్ను పెట్టిండు, ఎప్పటి తీర్గనే. పొద్దుమూకెటాల్లకు నెమలి అయిపోయింది. కిందికి దిగి, చేతులు తుడుసుకొని, 'ఎట్లుంది సేటు' అని అంజయ్యను అడిగిండు. అంజయ్య మాట్లాడలే. నేను తలెత్తి సూసిన."

జమీలాబీ తన రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది. ఒకటి కాస్త పైన, ఒకటి జానెడు కింద, పక్కకు.

"కన్ను గిక్కడున్నది. నెమలి మొకం గిక్కడున్నది. కన్ను ఆకాశంల, నెమలి నేల మీద. నేను సూసిన, అంజయ్య సూసిండు. ఆయన ఒక్కడే సూడలే. నవ్వుకుంట నిలబడ్డడు, మేం మెచ్చుకుంటమని."

 బయట రోడ్డు మీద నినాదాలు వచ్చి, దగ్గరై, దూరమైపోయాయి.

"అంజయ్య మంచోడు. ఎవ్వలు సూడకముందే బోర్డు మీద బట్ట కప్పిచ్చిండు. ఇంటికొచ్చినంక నేను ఊకోలేదు. ఊకుంటె అయిపోతుండె. 'జీ, కన్ను తప్పింది' అన్న. ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. 'ఎంత తప్పింది' అన్నడు. నేను జానెడని చూపెట్టిన. ఆయన ఆ జానను తడుముకొని సూసిండు. అప్పటికే రెండేండ్లాయెనట, కనుసూపు మసకబట్టి. చెయ్యి అలవాటు మీద నెట్టుకొస్తుండె. నీకు తెల్వదు, నాకు గూడ చెప్పలే."

"అబ్బాకు కండ్లు..."

నస్రీన్ మాట పూర్తి కాలేదు. చౌరస్తాలో అఖిల చెప్పింది ఆమెకు ఇప్పుడు వేరేగా వినిపించింది. గోడకు పెట్టిన పిల్ల వేలు. చుక్క మీద ఆనించిన ఎడమ చేతి వేలు. అయిపోయేదాకా తీయని వేలు. అది నేర్పే పద్ధతి అనుకుంది తను. చిన్నపిల్లల కళ్ళను అడిగి తెచ్చుకొని ఆయన గోడ మీద పిట్టల్ని వేస్తున్నాడు. తనేమో కూర్చొని ఈర్ష్య పడింది.

"మంగళవారం పొద్దున ఆయనే అంజయ్య దగ్గరికి పోయిండు. 'సేటు, నా బిడ్డ ఫ్లెక్సు దుకాణంల ఉన్నది, ఆమెతోనే చేపియ్యి. నా బోర్డును తియ్యకు, దాని మీదనే కొట్టియ్యి' అన్నడు. నీకు ఆ పని ఇప్పిచ్చిందే ఆయన."

"మరి పోవుడెందుకు?" నస్రీన్ అరిచింది. "కండ్లు పోతే నేను లేనా? నేను సూడనా?"

"గందుకే పోయిండు!" ఈసారి జమీలాబీ గొంతూ పెరిగింది. "కండ్లు పోతున్నయని నీకు తెలిస్తే నువ్వు కొలువు ఇడిసిపెట్టి, ఆయన చెయ్యి పట్టుకొని తిరుగుతవని. 'నా బిడ్డ రంగులల్ల బతకాలె, నా చీకట్ల కాదు' అని ఖురాన్ మీద నాతోని కసమ్ ఏయిచ్చిండు. నువ్వు మర్నాడే కొలువు ఇడిసిపెడ్తివి. ఆయన ఏది కావద్దని పోయిండో అదే అయ్యింది. గా మాట నేను ఆయనకు చెప్పలే. ఆయన మాట నీకు చెప్పలే. ఇద్దరి నడుమ నేను గిట్ల ఆకు కత్తిరిచ్చుకుంట కూసున్న."

నస్రీన్ వచ్చి తల్లి ముందు కూర్చుంది. కోపం ఎటుపోయిందో తెలియదు. మిగిలింది ఒకటే. అబ్బాను చూడాలి. ఆ ఎడమ చేతి వేలును పట్టుకోవాలి. నీ వల్ల కాదు బేటీ అని ఆయన నోటనే ఒక్కసారి వినాలి. వింటే గానీ ఈ అయిదేళ్ళూ ఒంట్లోంచి పోవు.

"సిరిసిల్లకు నడిసైనా పోత," అన్నది.

"సిరిసిల్లల లేడు."

"ఏందీ?"

"పొద్దున అనీస్ ఫోన్ చేసిండు." అనీస్ జమీలాబీ తమ్ముడు, లారీ డ్రైవరు. అయిదేళ్ళుగా ఆ మనిషి కబురు ఈ మనిషికి చేరవేస్తున్నది అతనే. "సిరిసిల్లల నూలు దింపి భీవండికి ఖాళీగ మర్రిపోతున్నడు. మీ అబ్బా అందుల్నే ఉన్నడు. దసరా దాక ఉంటే పిల్లలు పోనియ్యరని ఇయ్యాల్నే ఎల్లిండట. భీవండిల అయితే ఆయన పెయింటర్ అని ఎవ్వలికి తెల్వదు. 'అక్కడ ఒట్టి ముసలోన్ని అయిత' అన్నడట. పోతే ఇగ మర్రిరాడు నస్రీన్."

"ఇప్పుడు యాడున్నడు?"

"ఇందాక మల్ల ఫోన్ చేసిండు, కోరుట్లల రాస్తారోకో. లారీలన్ని ఆపిన్రు. నాలుగింటి దాక ఇడువరట."

నస్రీన్ గోడ గడియారం చూసింది. మూడు దాటింది.

లేచి చున్నీ సర్దుకొని గడప దాటబోతుంటే వెనక నుంచి తల్లి పిలిచింది.

"దొరికితే, నాకు కోపం లేదని చెప్పు." నస్రీన్ తల ఊపింది. జమీలాబీ కత్తెర చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. "కాదు. ఉన్నదని చెప్పు. శాన ఉన్నదని చెప్పు."

*

బస్సుల్లేవు. ఆటోలను అడుగడుగునా ఆపేస్తున్నారు. సమ్మె రోజుల్లో ఆపకుండా వదిలే బండి ఒక్కటే, సమ్మె చేసేవాళ్ళ బండి. నస్రీన్ ఉరుకుతూ చౌరస్తాకు వచ్చి రాజనర్సు సారు ముందు నిలబడింది. సంగతి నాలుగు మాటల్లో చెప్పింది. పటం ఊసెత్తుతారేమో అనుకుంది. సారు స్కూటర్‌ను రెండు తన్నులు తన్ని, "కూసో బిడ్డా, గట్టిగ పట్టుకో," అన్నారు.

పాతిక కిలోమీటర్లు. దారిలో ఒకచోట రోడ్డు మధ్యన పొయ్యిలు పెట్టి వంటావార్పు. ఇంకోచోట ఆడవాళ్ళు బతుకమ్మల్ని తారు మీదే పెట్టి ఆడుతున్నారు. సారు ప్రతిచోటా చేయెత్తి "జై తెలంగాణ" అని అరవడం, జనం దారివ్వడం. ఆ రోజు ఆ రోడ్డు మీద అందరూ కోరుకుంటున్నది ఒకటైతే, స్కూటర్ వెనక కూర్చున్న నస్రీన్ కోరుకుంటున్నది ఇంకొకటి. కోరుట్లలో రాస్తారోకో అప్పుడే అయిపోవద్దు. ఒక్క అరగంట, ఇంకో పావుగంట లారీలను కదలనీయొద్దు. ఏ ఉద్యమాన్నీ ఎవరూ ఇంత చిన్న కోరిక కోరి ఉండరు.

కోరుట్ల పొలిమేరలో లారీల బారు మొదలైంది. ప్రతి లారీ నంబరు మీదా ఏపీ చెరిపేసి టీజీ అని రాసి ఉంది. సారు స్కూటర్ బారు పక్కన సగం దూరం పోయిందో లేదో ముందెక్కడో విజిల్ మోగింది. జనం రోడ్డు మీది నుంచి లేస్తున్నారు. ఒక్కొక్క ఇంజనే గుర్రుమంటూ స్టార్టయింది. నస్రీన్ ఆగీ ఆగని స్కూటర్ మీది నుంచి దిగి పరుగెత్తింది.

"మామూ! అనీస్ మామూ!"

బస్టాండు దగ్గర్లో ఒక లారీ కిటికీలోంచి అనీస్ తల బయటికొచ్చింది. మేనకోడల్ని చూసి అతని నోరు తెరుచుకునే ఉండిపోయింది.

"నువ్వెట్ల..."

"అబ్బా యాడ మామూ?"

"గిప్పుడే దిగిండు. ఎంత చెప్పినా ఇనలే. ఒక్కసారి నెమలి దుకాణం దాక పోయొస్త అన్నడు. జల్దీ తోల్కరా, నేను ఆగెటట్టు లేదు, ఎన్కబండ్లోళ్ళు పానం తీస్తున్రు!"

నెమలి దుకాణానికి దారి నస్రీన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు.

బందు కాబట్టి దుకాణం మూసి ఉంది. నస్రీన్ ముందు బోర్డును చూసింది. అయిదేళ్ళ ఎండకూ వానకూ ఆమె ఫ్లెక్సు వెలిసిపోయి, సగానికి చిరిగి, ఒక మూల మేకుకు వేలాడుతోంది. చిరిగిన చోట వెనకనున్న రేకు బయటపడింది. రేకు మీద నీలం ఆకాశం. అందులో ఒక నెమలి, తోక విప్పి, మెడ వంచి, కన్ను లేని మొహంతో. దానికి జానెడు దూరంలో, ఎవరికీ చెందనట్టు, ఒక కన్ను. ఎంత అందంగా దిద్దిన కన్నో! అది తిన్నగా నస్రీన్‌నే చూస్తోంది.

బోర్డు కింద, మూసిన షట్టర్ ముందు మెట్టు మీద, ఎర్రగడ్డం మనిషి కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చెవి మీద బ్రష్ ఉంది. తలెత్తి చూస్తున్నాడు, నెమలినే చూస్తున్నాననుకుంటూ. నిజానికి ఆయన చూస్తున్నది బోర్డు పక్కన ఉన్న కరెంటు స్తంభాన్ని.

నస్రీన్ రెండు అడుగుల దూరంలో ఆగిపోయింది.  ఆమె చెప్పుల చప్పుడుకు ఆయనే ఇటు తిరిగాడు.

"ఎవలు? ఆడబిడ్డవా?" అన్నాడు ఖుర్షీద్, దారిన పోయే మనిషిని పలకరించినట్టు. "అవసరం మీద పోతున్నవో ఏమో. జర ఒక్క మాట చెప్పిపో బిడ్డా. ఆ పైన బోర్డు మీద, ఫ్లెక్సు సినిగినకాడ, నేనేసిన నెమలి బయటపడ్డదట. దాని కన్ను దాని మొకంలనే ఉన్నదా?"

వెనక అనీస్ లారీ హారన్ మోగింది. ఒకసారి, రెండుసార్లు.

ఆమె గొంతు చెవిన పడితే చాలు, ఆయన తన కూతుర్ని గుర్తుపడతాడు. కానీ అయిదేళ్ళ తర్వాత తండ్రితో అనే మొట్టమొదటి మాట, ఉన్నది అనాలా, లేదు అనాలా?